శివారు ఫోను దాకా

2024 డిసెంబరు 1, ఆదివారం. మామిడికుదురు

అక్క పెళ్లి క్యాసెట్ ఇవాళ్టికి పూర్తిగా కంప్యూటర్లోకి ఎక్కింది. వీహెచ్‌ఎస్ కాబట్టి మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ కూర్చోవలసిందే, తొందరపెట్టే దారి లేదు. బూజు పట్టిన చోట బొమ్మ చెదిరిపోతుంటే ఆపి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, కాస్త వెనక నుంచి మళ్లీ పట్టాను. కోనసీమ తేమలో, బీరువా అడుగున, ఇన్నేళ్లు ఈ టేపు నిలవడమే గొప్ప సంగతి.

1995 ఫిబ్రవరి, మాఘమాసం. వీడియో తీసింది నాకు పని నేర్పిన గురువుగారు. పక్కన సన్‌గన్ లైటు పట్టుకున్న కుర్రాణ్ని నేను. టేపులో చాలాచోట్ల నా నీడ పడింది, మనిషిని మాత్రం ఎక్కడా లేను.

ఫైలు గంటకు 13 జీబీ చొప్పున వచ్చింది. అది దాచుకోవడానికి. చూడ్డానికి వేరే రూపం కావాలి. ఆ రూపం ఎలా ఉండాలన్నది చూసేవాళ్లు ఎక్కడ కూర్చుని చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. బావ ఊళ్లోనే, టీవీ ముందు. మేనకోడలు మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. మేనల్లుడు దుబాయ్‌లో. అక్క కువైట్‌లో, ఒక ఇంట్లో వంటపని. ఆవిడకు ఫోను తప్ప మరో తెర లేదు.

అమలాపురంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పీసీనే సర్వరు. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5. ఇన్వర్టరు మీద పెట్టినా పెద్దగా కరెంటు తాగదు. నాలుగు టీబీ డిస్కు కొత్తది వేశాను, దానికి కాపీగా ఇంకొకటి షాపులో ఉంచుతాను. ఇల్లూ షాపూ ఒకేసారి మునగకూడదని కోరుకోవడమే.

డిసెంబరు 6, శుక్రవారం

అక్కకు శుక్రవారం మధ్యాహ్నం సెలవు. ఆ పూట మనవాళ్లు అద్దెకు తీసుకున్న గదికి వస్తుంది. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు ఆడవాళ్లందరూ అక్కడ చేరి వంట చేసుకుంటారు. మనకంటే అక్కడ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ నాలుగు దాటాక లింకు పంపాను. పరీక్ష కోసం ఒకటే నాణ్యతలో, సెకనుకు 1,800 కిలోబిట్లతో పెట్టాను.

"ఏరా తమ్ముడూ, గుండ్రంగా తిరుగుతానే ఉందిరా. సన్నాయి ఓ ముక్క వినపడింది, ఆగిపోయింది."

"వైఫైలోనే ఉన్నావా అక్కా?"

"ఉన్నా. అందరం ఒకదాన్నే వాడతాం కదా. శుక్రవారం కదా, అందరూ ఇళ్లకు మాట్లాడుకుంటున్నారు."

ఆ గదిలో ఒక నిమిషం రెండు ఎంబీపీఎస్ వస్తుంది, పక్కావిడ పిల్లలతో వీడియో కాల్ మొదలుపెట్టగానే మూడు వందల కిలోబిట్లకు పడిపోతుంది. సగటు తీస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సగటుతో సినిమా నడవదు. పడిపోయిన ఆ నిమిషంలో ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు 2009లోనే వచ్చింది. ఆ ఏడు ఆపిల్ తన ఐఫోన్ కోసం హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి తెచ్చింది. 2012లో డాష్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. రెండింటి కిటుకూ ఒకటే. వీడియోను నాలుగైదు నాణ్యతల్లో, మెట్లు మెట్లుగా తయారుచేసి, ప్రతిదాన్నీ కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, మామూలు వెబ్ సర్వరు మీద మామూలు ఫైళ్లలాగే ఉంచుతారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే జాబితా ఒకటి పక్కన ఉంటుంది. ఫోను ఆ జాబితా చదివి ఒక్కో ముక్కనూ అడిగి తెచ్చుకుంటుంది. నాలుగు సెకన్ల ముక్క 900 కిలోబిట్ల మెట్టులో సుమారు 450 కేబీ ఉంటుంది. అది రావడానికి ఆరు సెకన్లు పట్టిందంటే లైను నిజవేగం 600 మాత్రమే. తరవాతి ముక్కను ఫోను కింది మెట్టు నుంచి అడుగుతుంది. లైను తేరుకుంటే మళ్లీ పైకి ఎక్కుతుంది. చూసేవాళ్లకు బొమ్మ కాస్త మసకబారుతుందే గానీ ఆగదు.

నాకు ఇందులో బాగా నచ్చింది, నిర్ణయం సర్వరుది కాకపోవడం. మామిడికుదురులో ఉన్న పెట్టెకు కువైట్ గదిలో ఏం జరుగుతోందో తెలియదు. తెలిసేది అక్క చేతిలో ఉన్న ఫోనుకే. నేను చేయాల్సింది దానికి తగిన మెట్లు కట్టి పెట్టడం.

డిసెంబరు 8, ఆదివారం

మేనకోడలు అడిగింది: "మావయ్యా, జెల్లీఫిన్ వేసుకుంటే అదే మార్చి ఇస్తుంది కదా, మనం ముందే ఇన్ని రకాలు చేయడం ఎందుకు?"

మంచి ప్రశ్నే. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో ఎంబీ అనే మీడియా సర్వరు నుంచి విడిపోయి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేరు. ఇంట్లో టీవీకి దాన్నే పెట్టాను. ఎవరైనా చూడ్డం మొదలుపెట్టగానే వాళ్ల లైనుకు తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. కానీ నాణ్యత మొదట్లో ఒకటి తేలాక మధ్యలో లైను పడితే ముక్క ముక్కకూ మెట్టు దిగే ఏర్పాటు దానిలో నాకు కావలసినట్టు లేదు. పైగా అప్పటికప్పుడు మార్చాలంటే వేగంగా మార్చాలి, అంటే తక్కువ బిట్లలో బొమ్మ చెడుతుంది. ముందే చేసి పెట్టుకుంటే, వీడియో మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను నెమ్మదైన పద్ధతిలో, రెండుసార్లు చదివించి నడపొచ్చు. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి అవుతుంది. పెళ్లి క్యాసెట్ ఏటా మారేది కాదు కదా. ఒక్కసారి శ్రద్ధగా చేస్తే చాలు.

వీడియోను కుదించే కోడెక్ విషయంలో తర్జనభర్జన పడలేదు. హెచ్.264. 2003 నాటిది, ప్రతి ఫోనుకూ వచ్చు. కొత్త కోడెక్‌లలో బిట్లు కొంత మిగులుతాయి, నిజమే. అక్క ఫోను మాత్రం పాతది.

డిసెంబరు 14, శనివారం

రాత్రంతా టేపు ముందు. మెట్లు వేయడానికి కూర్చున్నాక పెళ్లిని కొత్త కంటితో చూస్తున్నాను. ఏ దృశ్యం ఎన్ని బిట్లు తింటుందన్న లెక్కలోంచి.

వీడియోను కుదించడమంటే ముందు ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని మళ్లీ రాయకుండా మారినదాన్నే రాయడం. పీటల మీద కదలకుండా కూర్చున్న పెళ్లికొడుకు దాదాపు ఖర్చు లేని మనిషి. కష్టం ఫొటోగ్రాఫరుతో వస్తుంది. ఆయన ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ ఒకే ఒక్క ఫ్రేమ్ తెల్లగా పేలుతుంది. అది దాని ముందుదానితోనూ పోలదు, వెనకదానితోనూ పోలదు. ఎన్‌కోడరు దృశ్యం మారిందేమో అనుకుని అక్కడ బొమ్మంతా మళ్లీ రాసే కొత్త కీఫ్రేమ్ వేయబోతుంది. అన్ని మెట్లలోనూ కీఫ్రేమ్‌లు సరిగ్గా ఒకే క్షణాన పడితేనే ఫోను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు అతుకు తెలియకుండా దాటగలదు. అందుకని దృశ్యం మారడాన్ని పట్టించుకోవద్దని చెప్పి, రెండు సెకన్లకొక కీఫ్రేమ్ ఖాయం చేశాను. పాల్ టేపు సెకనుకు 25 ఫ్రేమ్‌లు కాబట్టి ప్రతి 50కి ఒకటి. ముక్క నాలుగు సెకన్లు.

తరవాత తలంబ్రాలు. అంతకంటే కష్టమైనది పెళ్లిలో ఇంకోటి లేదు. పసుపు కలిపిన ప్రతి బియ్యపు గింజా దాని దారిన అది ఎగురుతుంది. ఎన్‌కోడరు బొమ్మను చిన్న చిన్న గడులుగా విడదీసి, ఏ గడి ఎటు జరిగిందో చూసి రాసుకుంటుంది. వందల గింజలు వంద దిక్కులకు పడుతుంటే ఏ గడికీ పోలిక దొరకదు. అన్నిటికంటే కిందిదైన 240 మెట్టులో అక్క ముఖం, బావ ముఖం, గింజలు, వెనక నిలబడ్డ ముత్తైదువలు అన్నీ కలిసి పసుపు గడుల గుట్ట అయిపోయాయి. ఆ అరనిమిషం కోసమే కదా ఎవరైనా పెళ్లి వీడియో చూసేది!

ఎన్‌కోడరులో జోన్లని ఒక సదుపాయం ఉంది. ఫలానా ఫ్రేమ్ నుంచి ఫలానా ఫ్రేమ్ దాకా బిట్లు ఇంతింత ఎక్కువ ఇవ్వమని చెప్పొచ్చు. తలంబ్రాలకు ఒకటిన్నర రెట్లు ఇచ్చాను. కదలకుండా సాగే మంత్రాల భాగంలో తగ్గించాను. పురోహితులు గారు ఏమీ అనుకోరు, ఆయన గొంతు స్పష్టంగానే ఉంది. వీహెచ్‌ఎస్ గరుకు కూడా బిట్లు తినేదే. అది ప్రతి ఫ్రేమ్‌లో మారుతూ ఉంటుంది కనక ఎన్‌కోడరు దాన్ని కదలిక అనుకుంటుంది. కింది రెండు మెట్లకూ ఆ గరుకు తగ్గించే ఫిల్టరు వేశాను. ఫ్రేమ్ అడుగున హెడ్డు మారే చోట వణికే గీతల పట్టీ ఒకటి ఉంటుంది, టీవీ అంచు కింద దాగిపోయేది కాబట్టి అప్పట్లో ఎవరూ చూడలేదు. అది కోసేశాను.

ఇక ఆకాశం. రాత్రి ముహూర్తం కదా, పందిరి దాటి కెమెరా బయటికి తిరిగిన చోట మేఘాలు ఎర్రగా ఉన్నాయి. పాశర్లపూడి మంట. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. పెళ్లి సరిగ్గా మధ్యలో పడింది. చుట్టుపక్కల ఊళ్లకు రాత్రి చీకటి లేకుండా పోయిన రోజులవి. టేపులో సన్నాయి మేళం కింద ఎడతెగని హోరు ఒకటి ఉంది. వీసీఆర్ మోటారుదేమో అనుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే, కెమెరా ఇంట్లోకి వెళ్లినప్పుడు తగ్గి, వాకిట్లోకి వచ్చినప్పుడు పెరుగుతోంది. ఆ గ్యాసు మంట చప్పుడే.

మేనకోడలు ఒక్క ఫిల్టరుతో ఆ హోరు తీసేసి వినిపించింది. మేళం శుభ్రంగా వచ్చింది. నేను వద్దన్నాను. ఆ ఏడు పెళ్లయినవాళ్లకు ఆ హోరు పెళ్లిలో భాగమే. ముహూర్తం పెట్టుకున్నాక ఊరు ఖాళీ చేయమంటారేమోనని నాన్న ఎంత భయపడ్డాడో నాకు తెలుసు. ఎరుపు ఆకాశం కింది మెట్టులో పట్టీలు పట్టీలుగా విరిగింది. దానికీ ఒక జోన్ ఇచ్చాను.

డిసెంబరు 17, మంగళవారం

మెట్లు ఇవాళ ఖాయం చేశాను. టేపు 4:3 కాబట్టి 320x240, 480x360, 640x480, 768x576. బొమ్మకు వరసగా 160, 450, 900, 1,800 కిలోబిట్లు. శబ్దం అన్నిటికీ ఒకటే, 64. వీహెచ్‌ఎస్ మామూలు ట్రాకు మోనోనే, అంతకంటే ఇవ్వడం దండగ. మెట్టు మారినప్పుడు గొంతు మారకూడదు. కన్ను మసకను ఓర్చుకుంటుంది, చెవి ఓర్చుకోదు.

ఇలాంటి పని చేసేవాళ్లలో ఎక్కువమంది పై మెట్టు నుంచి మొదలుపెడతారు. అందమైన పై మెట్టు చేసి, మిగతావి దాన్నుంచి గీకి పడేస్తారు. చివరి మెట్టు ఎలా ఉందో తెరిచి కూడా చూడరు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. పై మెట్టు చూసేది ఎవరు? మంచి లైను, పెద్ద తెర ఉన్న బావ. ఆయనకు టేపులో మనుషులందరూ రోజూ కనపడేవాళ్లే. కింది మెట్టు చూసేది ఊరు వదిలి వెళ్లినవాళ్లు. మన డెల్టాలో మంచి లస్కరు ఎవడంటే, తల కాలువ నిండుగా ఉందని మురిసేవాడు కాదు, శివారు చేలకు నీరు అందిందా లేదా గట్టు మీద నడిచి చూసుకునేవాడు. 240 మెట్టు నాకు శివారు. అందుకే దాన్ని అన్నిటికంటే ముందు చేశాను, దానికే ఎక్కువ రాత్రులు ఇచ్చాను.

ఇందులో ఓదార్పు కూడా ఉంది. వీహెచ్‌ఎస్ అడ్డంగా పట్టేది సుమారు 240 గీతల వివరమే. ఎంత పెద్ద ఫ్రేమ్‌లో పెట్టినా అంతకంటే కొత్తగా ఏమీ రాదు. అరచేతిలో పట్టే తెర మీద, శ్రద్ధగా చేసిన 320x240కీ అసలు టేపుకీ తేడా అనుకున్నంత లేదు. 576 మెట్టు ఒక గంట చూస్తే 840 ఎంబీ దగ్గర. 240 మెట్టు 100 ఎంబీ. వైఫై లేని రోజున డేటా ప్యాక్ మీద కూడా అక్క పెళ్లంతా చూడొచ్చు.

జాబితాలో 240నే మొదట రాశాను. చాలా ప్లేయర్లు ముందు రాసినదానితోనే మొదలుపెడతాయి. లింకు నొక్కగానే బొమ్మ రావాలి. మొదటి ముక్క మసకగా ఉన్నా ఫరవాలేదు. మొదట్లోనే గుండ్రం తిరిగితే, రోజంతా నిలబడి పనిచేసిన మనిషి ఫోను పక్కన పెట్టి పడుకుంటుంది.

డిసెంబరు 22, ఆదివారం

లోపలి పని అయింది, ఇక బయటికి దారి. మా లైనుకు సొంత పబ్లిక్ అడ్రసు లేదు, ఒకే అడ్రసు వెనక ఎన్నో ఇళ్లు ఉంటాయి. బయటి నుంచి తలుపు తడితే మా పెట్టె దాకా రాదు. ఫోన్లలో వీపీఎన్ పెట్టిస్తే తేలిగ్గా అయ్యేది. మేనల్లుణ్ని అడిగితే, "వద్దు మావయ్యా, ఇక్కడ దాని మీద చట్టం గట్టిగా ఉంటుంది" అన్నాడు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ కూడా వెళ్లవు. అక్క చేత కొత్త యాప్ వేయించడం నాకూ ఇష్టం లేదు. లింకు నొక్కితే బ్రౌజర్లోనే రావాలి.

ముంబైలో చిన్న సర్వరు ఒకటి నెల అద్దెకు తీసుకున్నాను. మా పెట్టె లోపలి నుంచి వైర్‌గార్డ్‌తో దానికి సొరంగం వేసి పట్టుకుని ఉంటుంది. లింకు ముంబైకి వెళ్తుంది, ముంబై మమ్మల్ని అడుగుతుంది. ముక్కలు మామూలు ఫైళ్లే కాబట్టి ఒకసారి వెళ్లిన ముక్కను ముంబై తన దగ్గర దాచుకుంటుంది. దుబాయ్‌లో ఒకరు చూసింది కువైట్‌కు వెళ్లడానికి మళ్లీ మా ఇంటి దాకా రానక్కర్లేదు. ఊళ్లో కరెంటు పోయినా, తాటాకు పడి తీగ తెగినా అప్పటికే వెళ్లినవి ఆడతాయి. ప్రతి ఇంటికీ వేరే లింకు, వేరే పాస్‌వర్డు. ఎవరి పెళ్లి వాళ్లకే.

తీగ అంటే మోరి గుర్తొస్తుంది. మాకు దగ్గర్లోనే, సఖినేటిపల్లి మండలంలో. 2016 డిసెంబరు చివర్లో ముఖ్యమంత్రి వచ్చి అక్కడ ఫైబర్ గ్రిడ్ ప్రారంభించారు. మోరి మూలాలున్న, బర్కిలీలో ఆచార్యుడైన సాలమన్ డార్విన్ గారు ఆ స్మార్ట్ విలేజ్ ప్రయత్నం వెనక ఉన్నారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామన్నారు. ఏడాదికి, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు, అందుకే అంత త్వరగా ఊళ్లకు చేరింది. గాలివాన వస్తే కొబ్బరిచెట్టు మొదట పడేదీ ఆ తీగల మీదే. రెండూ నిజమే. సెంటర్లో నా ఫొటో షాపు పక్కనవాళ్లందరూ మోరి వెళ్లి చూసొచ్చిన రోజులు గుర్తున్నాయి. అప్పుడు అందరం ఊరికి ఏమేం వస్తుందా అని చూశాం. ఊరి నుంచి బయటికి ఏం పంపొచ్చని నేనూ అప్పట్లో అనుకోలేదు.

డిసెంబరు 25, బుధవారం

ఇంట్లో ఫోన్లు ముంబై దాకా వెళ్లి రాకుండా, అదే లింకు లోపలి అడ్రసుతోనే ఆడేలా రౌటర్లో మార్చాను. 2022 మే 24 అమలాపురం గొడవల తరవాత జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే కుర్రాళ్లు లాప్‌టాపులు పట్టుకుని గోదావరి గట్టు దాకా వెళ్లి అవతలి సిగ్నల్ వెతుక్కున్నారు. బయట ఏమైనా మన ఇంట్లో ఉన్నది మన ఇంట్లో ఆడాలి.

2025 జనవరి 3, శుక్రవారం

చూసింది. మొత్తం.

సాయంత్రం ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ హోరు వినపడతా ఉందిరా" అంది. "వినపడిందా అక్కా?" అన్నాను. "అప్పుడు భయమేసేది. ఇప్పుడు మనూరనిపించింది." గదిలో ఉన్నవాళ్లందరూ చుట్టూ చేరారట. నాగరం ఆవిడ ఒకామె పందిట్లో తన మేనత్తను గుర్తుపట్టిందట.

"బొమ్మ బాగుందా?"

"అప్పుడప్పుడు మబ్బు పట్టినట్టయింది గానీ ఆగలేదురా. తలంబ్రాల్లో మీ బావ నవ్వు కూడా కనపడింది."

రాత్రి ముంబై సర్వరు లాగ్ తెరిచాను. ఏ ఫోను ఎప్పుడు ఏ మెట్టు నుంచి ఏ ముక్క అడిగిందో వరసగా ఉంటుంది అందులో. మొదలు 240. పది ముక్కలు పోకముందే 360. కాసేపు 480. తరవాత ఒక్కసారిగా 240కి దిగి చాలాసేపు అక్కడే ఉంది, అందరూ ఇళ్లకు ఫోన్లు చేసుకునే వేళ కాబోలు. నేను లెక్కవేసినట్టే నడిచింది. పని సరిగ్గా కుదిరినందుకు నిజంగా సంతోషం వేసింది.

ఒకచోట ముక్కల వరస ముందుకు వెళ్లకుండా వెనక్కి వచ్చింది. 612 నుంచి 617 దాకా, మళ్లీ 612. మళ్లీ. ప్లేయరు మొరాయించిందేమోనని టేపులో ఆ చోటుకు వెళ్లాను. నలభై నిమిషాలు దాటాక. అమ్మ. పానకం బిందె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కెమెరా తన వైపు తిరిగిందని చూసి, నవ్వి, పక్కకు తప్పుకోబోయి, ఎవరో పిలిస్తే ఆగి మాట్లాడింది. ఇరవై నాలుగు సెకన్లు. అమ్మ కదులుతూ కనపడేది మాకున్న వాటిల్లో ఇదొక్కచోటే. ఆ లైటు పట్టుకున్నది నేనే.

అక్క దాన్ని చూసినంతసేపూ లైను 240లోనే ఉంది.

జనవరి 4, శనివారం

రెండు పనులు చేశాను.

612 నుంచి 617 దాకా 240 మెట్టులో జోన్ పెట్టి బిట్లు రెట్టింపు చేశాను. ఆ ఆరు ముక్కలూ మిగతావాటికంటే బరువెక్కాయి. ఫోను ముందుగానే కొన్ని ముక్కలు తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి అంతమాత్రం బరువు మోయగలదు. బఫర్ పరిమితిని కూడా కొంచెం వదులు చేశాను. ఇప్పుడు అమ్మ ముక్కుపుడక కనపడుతోంది, నవ్వినప్పుడు కళ్లు చిన్నవి కావడం కనపడుతోంది.

రెండోది, లాగ్ మార్చాను. ఇకపై ఏ మెట్టు ఎంతసేపు వాడారన్నదే నమోదవుతుంది, ఏ ముక్క అన్నది కాదు. మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి అంత చాలు. ఒక మనిషి తన తల్లిని ఎన్నిసార్లు చూసుకుందో ఇంకొకరు లెక్కపెట్టకూడదు, తమ్ముడైనా సరే. పాత లాగ్ చెరిపేశాను. రేపు ఊళ్లోవాళ్ల క్యాసెట్లు పెడితే ఈ సంగతి ఇంకా ముఖ్యం.

జనవరి 15, బుధవారం. కనుమ

జగ్గన్నతోట తీర్థం. మొసలపల్లి దాకా జనమే జనం. ఏకాదశ రుద్రుల ప్రభల్లో గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే చోట గట్టు మీద నిలబడి ఫోనుతోనే తీశాను. రంగురంగుల నూలు కుచ్చులు, కొబ్బరాకులు, నీళ్లు, వేల తలలు అన్నీ ఒకేసారి కదులుతాయి. తలంబ్రాలకంటే కష్టమైనది లేదనుకున్నాను గానీ ఉంది. ఈసారి తీసేటప్పుడే ఆలోచించాను. చేయి కదపకుండా, జూమ్ చేయకుండా, ప్రభ ఫ్రేమ్‌లోకి తనంతట తాను నడిచొచ్చేలా. కెమెరా కదలకపోతే గట్టూ ఆకాశమూ ఖర్చు లేకుండా పోతాయి, ఉన్న బిట్లన్నీ ప్రభకే మిగులుతాయి. రాత్రికే మెట్లు వేసి లింకు పంపాను.

జనవరి 19, ఆదివారం

కువైట్ గదిలో చూసిన ఆ నాగరం ఆవిడ తమ్ముడు షాపుకు వచ్చాడు. పాలిథిన్ కవరులో రెండు క్యాసెట్లు. "ఏవండీ, మా అక్కది కూడా అలా పెట్టగలరా? ఆయ్, ఖర్చు ఎంతైనా ఇచ్చేత్తానండి." కవరు విప్పి చూశాను. ఒకదానికి బూజు లోపలి చుట్ల దాకా పాకింది. రెండోది పరవాలేదు. బూజు పట్టినదాన్ని అలాగే తిప్పితే హెడ్డుతోపాటు రెండోదీ పాడవుతుంది. ముందు ఆరబెట్టాలి, పెంకు విప్పి రీళ్లు మంచి పెంకులోకి మార్చాలి, తరవాత నెమ్మదిగా తుడుచుకుంటూ చుట్టాలి. అన్నీ చెప్పి, టైము పడుతుందన్నాను. డబ్బుకు కాదు గానీ డిస్కుకు ఎంతవుతుందో చూసి చెప్తానన్నాను.

వెళ్లేవాడిని ఆపి, మీ అక్కది ఏ ఫోను, శుక్రవారాలు కాక ఇంకెప్పుడు చూస్తుంది, సొంత సిమ్‌లో డేటా ఎంత ఉంటుంది అని అడిగి రాసుకున్నాను. వీడియోలో ఎవరెవరు ఇప్పుడు లేరో కూడా చెప్పమన్నాను. అతను కాసేపు నన్ను చూసి, నాయనమ్మ, పెదనాన్న, చిన్నాయన కొడుకు అని చెప్పాడు. పేర్లు, ఏ రంగు చీర, ఎక్కడ కూర్చుంటారు. మెట్లు వేసేటప్పుడు వాళ్లున్న చోట్లు ముందే వెతికి గుర్తు పెట్టుకోవాలి.